తువ్వాల కింద ఒక వేలు

మా గంజ్‌లో ధర నోటితో చెప్పరు. బీదర్ గాంధీ గంజ్‌లో అంటే ఊరి ధాన్యం బజారులో, రైతుల సరుకు అమ్మిపెట్టే మా అడతి దుకాణం ముందు కందుల రాశి పోసి ఉంటుంది. కొనేవాడు వచ్చి పిడికెడు గింజలు తీసుకుని, రెండు నోట్లో వేసుకుని కొరికి, మిగతావి రాశిలోకే విసిరేస్తాడు. అప్పుడు నాయన భుజం మీది తువ్వాల తీసి తన చేతి మీద కప్పుకునేవాడు. కొనేవాడు ఆ తువ్వాల కిందికి చెయ్యి పోనిచ్చి నాయన వేళ్లు పట్టుకునేవాడు. పట్టుకున్న వేళ్లను బట్టి ధర. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించో పెళ్లిళ్ల గురించో మాట్లాడుకుంటూ ఉంటారు. ఎవరు ఎన్ని వేళ్లు పట్టుకున్నారో మూడోవాడికి చెప్పడం గంజ్‌లో పెద్ద తప్పు. ఆ తప్పు చేసినవాడికి మళ్లీ ఎవరూ చెయ్యి ఇవ్వరు.

ఈ పద్ధతి మీద నాకు చాలాకాలం గౌరవం ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో ఇన్నేళ్లలో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మేము ఇంకా మైసూరు రాష్ట్రంలో ఉన్న రోజులవి. గంజ్ వెనక వీధిలో, హమాలీలు బీడీలు కాల్చుకునే అరుగు పక్కన, రెండు గదుల దవాఖాన ఉండేది. వర్తకులు పెట్టిన దవాఖాన. గంజ్‌కు వచ్చే ప్రతి బస్తాలోంచి ఒక పిడికెడు గింజలు ధర్మం డబ్బాలో పడేవి. కందులైతే కందులు, జొన్నలైతే జొన్నలు. నెలాఖరున డబ్బాలన్నీ కలిపి అమ్మితే వచ్చినదాంట్లో డాక్టరు జీతం, కాంపౌండరు జీతం, మందులు గడిచిపోయేవి. నువ్వెవరు, ఏ ఊరు అని రోగిని అడిగేవాళ్లు కారు. భాల్కి నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు కూడా ఉండేవారు. నిజానికి ఆ పిడికెడు రైతు బస్తాలోది. పేరు మాత్రం మాది. ఆ సంగతి మాలో ఎవరికీ గుర్తుండేది కాదు.

డాక్టరు నిజాం కాలంలో ఉర్దూలో వైద్యం చదువుకున్న పెద్దమనిషి. సర్కారు కొలువు నుంచి దిగిపోయాక మా దవాఖానకు వచ్చారు. ఎండాకాలంలో కూడా షేర్వాణీ గుండీలన్నీ పెట్టుకునేవారు. ఆయన గొంతు పెంచడం నేను ఒక్కసారి కూడా వినలేదు. పెంచి ఉంటే బాగుండేదని తరువాత చాలాసార్లు అనుకున్నాను.

ఇక చెరిగే అక్క గురించి చెప్పాలి. గంజ్‌లో అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. హరాజు అయిపోయాక బస్తాలు ఎత్తే చోట నేల మీద గింజలు రాలతాయి. వాటిని ఊడ్చి, చాటతో చెరిగి, మట్టి వేరు చేసి, శుభ్రమైన గింజలు దుకాణానికి ఇచ్చి, తవ్వెడో సోలెడో తాను తీసుకుపోవడం ఆమె పని. ఏ దుకాణంలోనూ జీతం లేదు. అన్ని దుకాణాల ముందూ చెరిగేది. మా దుకాణం ముందు వేపచెట్టు నీడ ఉంది కాబట్టి ఎక్కువసేపు మా దగ్గరే కూర్చునేది. నేను పాకే వయసులో నన్ను గోనెసంచి మీద కూర్చోబెట్టి, నా చేతిలో నాలుగు కందిగింజలు పోసి, పక్కన చెరుగుతూ ఉండేదని అమ్మ చెప్పేది. ఆమె సొంతూరు భాల్కి అవతల ఎక్కడో. మొగుడు పోయాక, కళ్లు కనపడని అత్తను వెంటబెట్టుకుని బీదర్ వచ్చి ఊరి అంచున చిద్రి దగ్గర గుడిసె వేసుకుంది. అత్తకు ఆమె తప్ప ఎవరూ లేరు. పొద్దున గంజ్‌కు వచ్చేముందు అత్తకు అన్నం కలిపి, చెంబు ఎక్కడుందో చేత్తో తడిమించి చూపించి వచ్చేది.

దగ్గు ఆమెకు ఎప్పుడూ ఉండేది. చెరిగేవాళ్లకు దుమ్ము దగ్గు మామూలే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఏడాది వినాయక చవితి వెళ్లాక డాక్టరు ఆమెను చూసి, టీబీ అని చెప్పి, సూదులు మొదలుపెట్టారు. చాలా నెలలు ఆగకుండా వేసుకోవాలన్నారు. దీపావళి నాటికి దగ్గు సగానికి తగ్గింది. మొహంలోకి కొంచెం రంగు కూడా వచ్చింది.

"సూది నొప్పి లేస్తది గని చిన్నసేటూ, పానం మాత్రం కుదుటబడ్డది" అంది నాతో. "ఇంక మా అత్తను నేనే సాగనంపుత. నన్ను ఆమె సాగనంపే పని లేదు."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

నేను అప్పుడే హైదరాబాదులో బీఏ పూర్తి చేసి వచ్చాను. అర్థశాస్త్రం చదివాను. ఉర్దూలో అక్షరాలు దిద్ది, రాష్ట్రాలు మారాక కన్నడంలో పాసై, ఇంట్లో తెలుగు మాట్లాడే తరం మాది. వర్తకుల సంఘం మీటింగుల తీర్మానాలు కన్నడంలో రాయాలని సర్కారు నియమం. సంఘంలో తలపండినవాళ్లకు కన్నడం రాయడం రాదు. అందుకని నన్ను కార్యదర్శిని చేశారు. పుస్తకం చంకలో పెట్టుకుని గంజ్‌లో నడుస్తుంటే నేల మీద కాళ్లు ఆనేవి కావు.

దీపావళికి మాకు కొత్త లెక్కల ఏడాది. పూజలయ్యాక దవాఖాన సంగతి మీటింగుకు వచ్చింది. ధర్మం డబ్బాలో పడేదానికంటే మందులకు అయ్యేది ఎక్కువైపోయిందని, ఇట్లాగే పోతే దవాఖాన మూసుకోవాల్సి వస్తుందని అధ్యక్షుడు చెప్పాడు. ఆయన గంజ్‌లో అందరికంటే పెద్దవాడు. పరుపుల మీద బాలీసులు ఆనుకుని ఇరవై మందికి పైగా కూర్చున్నారు. నాయన నా పక్కనే ఉన్నాడు.

మాటలు మొదలయ్యాయి. ఒకాయన పావలా ఫీజు పెట్టమన్నాడు. గంజ్‌లో పిసినారి అని పేరుపడ్డ మనిషి. "పుక్కట్ల ఇస్తే అక్కర లేనోడు గూడ వస్తడు. పావలా పెట్టుండ్రి, నిజంగ నొప్పి ఉన్నోడే వస్తడు" అన్నాడు. పావలా లేని నొప్పులు కూడా ఉంటాయని ఇంకొకాయన అన్నాడు. దవాఖానను సర్కారుకు అప్పజెప్పి చేతులు దులుపుకుందామని మరొకరు. తాతలు పెట్టిన ధర్మం వదులుకుంటే గంజ్ పరువేం కావాలని ఇంకొకరు. బయటి ఊళ్లవాళ్లను రానివ్వొద్దని ఒకరంటే, ఆ పిడికెడు గింజలు వచ్చేది బయటి ఊళ్ల బస్తాల్లోంచే కదా అని నాయన మెల్లిగా అన్నాడు. ఆ మాట ఎవరూ అందుకోలేదు. పిడికెడును రెండు పిడికెళ్లు చేద్దామని కూడా ఒక మాట వచ్చింది. చాలామంది తలలూపారు గాని, రైతులు పక్క గంజ్‌కు పోతారేమోనని నసిగారు.

చివరికి డాక్టరును పిలిపించి అడిగారు. ఆయన గడప దగ్గరే నిలబడి మాట్లాడారు.

"సూదుల కర్చు ఎక్కువని మీరంతా అనుకుంటుండ్రు. సూదులకు పోయేది తక్కువే. పైసలు పోయేది సీసాలకు. ఎర్ర నీళ్లు, తాకత్ మందులు. అవి తాగకున్నా ఎవరికీ ఏం గాదు. అవి బంద్ చేస్తె దవాఖాన నడుస్తది."

ఒంటికి బలమని తాగే ఆ తాకత్ మందు సీసాలు ఎవరిళ్లలో ఉండేవో ఆ గదిలో అందరికీ తెలుసు. హమాలీల ఇళ్లలో కాదు. మా ఇంట్లో, ఇంకా అట్లాంటి ఇళ్లల్లో. మా వంటింటి గూట్లో పసుపు డబ్బా పక్కన నెలకొక సీసా ఉండేది. అమ్మ రోజూ రెండు చెంచాలు తాగేది. మా నాన్నమ్మ తాగేది, ఆమె పోయాక అమ్మకు అలవాటయింది. డాక్టరు మాట విని పెద్దల్లో ఒకరు తమలపాకులకు సున్నం రాసుకోవడం మొదలుపెట్టారు. డాక్టరు చెప్పిన ఆ నాలుగు మాటలే ఆ రోజు మొత్తం మీద దవాఖాన గురించి ఎవరైనా చెప్పిన తెలివైన మాటలు. వాటిని నేను తీర్మానాల పుస్తకంలో రాయలేదు. పెద్దలకు ఇబ్బందిగా ఉంటుందని నాకు నేనే అనుకుని వదిలేశాను.

అప్పుడు నేను లేచాను.

రేషన్ కార్డులా ఒక పద్ధతి చెప్పాను. ప్రతి దుకాణానికి నెలకు మూడు చిట్టీలు. చిట్టీ తెచ్చినవాళ్లకే మందు. ఏ దుకాణం మనుషులకు ఆ దుకాణమే జిమ్మేదారి. ఫీజు లేదు, పిడికెడు పెంచడం లేదు, దవాఖాన మూయడం లేదు. రద్దీ తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది, ధర్మం నిలుస్తుంది. పుస్తకాల్లో చదివిన మాటలు నాలుగు కలిపి చెప్పాను. పెద్దలు శ్రద్ధగా విన్నారు. అంతమంది తెల్ల ధోవతుల మధ్య నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి. గొంతు వణకలేదు. ఆ సంతోషం నాకింకా గుర్తుంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

డాక్టరు గడప దగ్గరి నుంచే అడిగారు. "బాబూ, సూదులు నడిమిట్ల ఆగొద్దు. నడిమిట్ల ఆపుడు కంటె మొదలుపెట్టకపోవుడే నయం. చిట్టీ ఎవరూ ఇయ్యనోళ్ల సంగతేంది?"

"గంజ్‌ల ఎవరి మనిషీ కానోళ్లు ఎవరుంటరు డాక్టర్‌సాబ్?" అన్నాను నేను.

ఆ మాటకు అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. డాక్టరు సలాం చేసి వెళ్లిపోయారు. ఆ సమయంలో చెరిగే అక్క బయట వేపచెట్టు కింద ఉండే ఉంటుంది. హరాజు అయిన వేళ అది. చాట చప్పుడు వినిపించిందని రాస్తే కథ బాగుంటుంది గాని, నాకేమీ వినిపించలేదు. నా మాటల చప్పుడులో నేనున్నాను.

ఇక తేల్చడమే మిగిలింది. రెండు పిడికెళ్లా, చిట్టీలా. చేతులెత్తమంటే పెద్దవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అధ్యక్షుడు నవ్వి, "మన గంజ్ తరీకల్నే తేల్చుదాం" అని భుజం మీది తువ్వాల తీశాడు. ఒక వేలు పట్టుకుంటే ఇంకొక పిడికెడు ధర్మం, దవాఖాన ఎప్పటిలాగే అందరికీ. రెండు వేళ్లు పట్టుకుంటే చిట్టీ. ఎలక్షన్లలో కూడా ఓటు రహస్యంగానే వేస్తారని, ఇదే సరైన పద్ధతి అని నేను వంత పాడాను.

ఇప్పుడు ఆలోచిస్తే అక్కడే తప్పు జరిగిందనిపిస్తుంది. బహిరంగంగా చేతులెత్తమని ఉంటే ఆ గదిలో ఒక్కరు కూడా ధర్మానికి అడ్డం చెప్పేవారు కాదు. ఒకరి ముందు ఒకరికి సిగ్గు. ఆ సిగ్గుతోనే మా తాతలు దవాఖాన కట్టారు, సత్రం కట్టారు, చలివేంద్రాలు పెట్టారు. తువ్వాల కింద ఆ సిగ్గు ఉండదు. ఎంత తక్కువకు సరిపెట్టుకోవచ్చో చూసుకోవడానికే ఆ తువ్వాల. పుట్టినప్పటినుంచీ దాని కింద మేము నేర్చుకున్న విద్య అదొక్కటే. కందుల ధర తేల్చినట్టు మనుషుల మందు సంగతి తేల్చాము. ఇట్లాంటి పని మా గంజ్‌వాళ్లే చేయగలరు.

అధ్యక్షుడు ఒక్కొక్కరి ముందూ కూర్చుంటూ వచ్చాడు. మా వంతు వచ్చినప్పుడు నాయన చెయ్యి ఇవ్వలేదు.

"మన దుకాణం చెయ్యి నువ్వే ఇయ్యి బిడ్డా" అన్నాడు.

నన్ను గౌరవించాడనుకున్నాను. తువ్వాల కింద అధ్యక్షుడి చెయ్యి వెచ్చగా, అంతమంది చేతుల చెమటతో తడిగా ఉంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండు వేళ్లు గట్టిగా పట్టుకున్నాను.

అంతా అయ్యాక అధ్యక్షుడు తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "చిట్టీయే గెలిచింది" అన్నాడు. తరువాత, చెప్పకూడని మాట కూడా చెప్పాడు. "ఒక్క చెయ్యి మాత్రం ఒక్క వేలు పట్టుకున్నది. ఎవరిదని అడగొద్దు. అందరు ఒప్పుకున్నరని రాయి బాబూ."

అందరూ ఒప్పుకున్నట్టు నేను చక్కని కన్నడంలో రాశాను.

చిట్టీ పుస్తకాలు అచ్చయి వచ్చాయి. నెల తిరక్కుండానే దవాఖాన దగ్గర రద్దీ సగానికి తగ్గింది. "చదువుకున్నోడు చదువుకున్నోడే" అని అధ్యక్షుడు నలుగురిలో నా వీపు తట్టాడు. మా దుకాణం చిట్టీలు నేనే రాసేవాణ్ని. మొదటి నెల ఒకటి కాలు మీద బస్తా పడ్డ హమాలీకి రాశాను. ఒకటి ఇంకొక హమాలీ పెళ్లానికి, ఆమె నెలలు నిండి ఉంది. మూడోది మా ఇంటికి రాశాను, తాకత్ మందుకు. అమ్మ అడగలేదు. సీసా అయిపోవచ్చిందని చూసి నేనే రాసి పంపాను. చిట్టీ లేకుండా తెచ్చుకుంటే నియమం పెట్టినవాడే తప్పినట్టవుతుందని నా నిజాయితీ.

మర్నాడే చెరిగే అక్క వచ్చింది. కొంగు నడుముకు చుట్టుకుని, చాట చంకలో పెట్టుకుని గడప కింద నిలబడింది.

"కాంపౌండరు చిట్టీ తెమ్మంటుండు చిన్నసేటూ. లేకుంటె సూది లేదంటుండు. డాక్టర్‌సాబ్ ఊర్ల లేడట."

"ఈ నెల మూడూ అయిపోయినయక్కా" అన్నాను. అది అబద్ధం కాదు. ఆమె మొహం చూసి ఏదో ఒకటి చేయాలనిపించింది. అప్పటికప్పుడు ఒక ఉపాయం తోచింది. నాకు ఉపాయాలకు ఎప్పుడూ కరువు లేదు. "నువ్వు అందరి దుకాణాల ముందర చెరుగుతవ్ గద. నెలకొక దుకాణం నీకొక చిట్టీ ఇస్తె సరిపాయె. ఎవరికీ బరువు కాదు. పోయి అడుగు, నేను చెప్పిన్నని చెప్పు."

"గట్లనా. మంచిది చిన్నసేటూ" అని వెళ్లింది.

తరువాత ఏం జరిగిందో నాకు హమాలీలు చెబితే తెలిసింది. ఆమె వరుసగా దుకాణాలన్నీ తిరిగింది. ప్రతివాళ్లూ, "నువ్వు వాళ్ల వేపచెట్టు కింద కూసునే మనిషివి, వాళ్లనే అడుగు" అన్నారట. కొందరి చిట్టీలు నిజంగానే అయిపోయాయి. కొందరివి మా మూడోదానిలాగే అయిపోయాయి. ఎవరూ కసిరి పంపలేదు. చాయ్ ఇచ్చి మరీ పంపినవాళ్లున్నారు. గంజ్ మొత్తానికీ ఆమె మా మనిషి. మాకేమో ఆమె గంజ్ మనిషి. నేను పంపిన తరువాత మళ్లీ నా దగ్గరకే ఎట్లా రావాలని ఆమె రాలేదు. డాక్టరు ఊరినుంచి వచ్చి రెండుసార్లు కబురు పంపారట. చిట్టీ లేకుండా పోతే డాక్టర్‌సాబ్‌కు మాట వస్తుందని పోలేదట.

నేను ఎందుకు కనుక్కోలేదని అడిగినవాళ్లు లేరు గాని, అడిగితే చెప్పడానికి కొత్త కందులు వస్తున్నాయని ఒక సాకు ఉంది. లారీలు వరుసగా నిలబడేవి. పొద్దున్నుంచి తిండికి తీరిక ఉండేది కాదు. ఆమె చెరుగుతూ కనపడుతూనే ఉండేది. కనపడుతోంది కదా, ఎవరో చిట్టీ ఇచ్చే ఉంటారనుకున్నాను. అడగడానికి పది అడుగులు వేస్తే చాలు. వేయలేదు.

హోలీ అయిన వారం తరువాత వేపచెట్టు కింద చెరుగుతున్నది వేరే మనిషి. హమాలీని అడిగాను.

"అక్కకు నెత్తురు పడ్తుందట సేటు. పది దినాలాయె లేవక" అన్నాడు.

నాయనతో చెబితే ఒక్క మాట అడిగాడు. "మన చిట్టీలు ఎవరెవరికి పోయినయ్?" నేను వరుసగా చెప్పాను. ప్రతి నెలా మూడోది ఎవరి పేరున పోయిందో చెప్పేటప్పుడు నాయన ముఖం చూడలేకపోయాను. ఆయన తిట్టలేదు. చెప్పులు వేసుకుని డాక్టరు ఇంటికి నడిచాడు. ముగ్గురం చిద్రికి పోయాం.

గుడిసెలో అత్త గోడకు ఆనుకుని కూర్చుని, కోడలి కాళ్లు తడుముతూ ఉంది. చెంబు తడుముకుని కోడలికి అందించే పని ఇప్పుడు ఆమెది. డాక్టరు చాలాసేపు గుండె విన్నారు, వీపు విన్నారు. బయటికి వచ్చాక నాతో కాకుండా నాయనతో మాట్లాడారు.

"నేను గూడ ఇంటికి రావాల్సింది సేటు. కబురు పంపి కూసున్న. మందు నడిమిట్ల ఆగితె రోగం మందుకు అలవాటు పడ్తది. ఇప్పుడు మళ్ల మొదలుపెడుత. గని పని చేస్తదన్న బరోస లేదు."

నాయన హైదరాబాదు నుంచి బస్సు కండక్టరు చేత ఖరీదైన సూదులు తెప్పించాడు. ఆ తరువాతి మూడు నెలల్లో ఆ మందులకైన ఖర్చులో పదో వంతు దీపావళప్పుడు పెట్టి ఉంటే ఆమె సూదులు ఆగేవి కావు. ఇది లెక్క వేసింది డాక్టరు కాదు, నేనే. ఖర్చు తగ్గించే పద్ధతి చెప్పినవాణ్ని కదా. సూదులు పని చేయలేదు. అమ్మ రోజు విడిచి రోజు పాలు తీసుకుని చిద్రి వెళ్లేది. మూడో చిట్టీ సంగతి నాయన చెప్పాడో, అమ్మే పోల్చుకుందో తెలియదు. గూట్లో సగం ఉన్న తాకత్ మందు సీసాను ఆమె పారేయలేదు, మళ్లీ ముట్టుకోలేదు. ఏళ్ల తరబడి అది అక్కడే, పసుపు డబ్బా పక్కనే ఉంది. వంటింట్లోకి పోయినప్పుడల్లా నాకు కనపడేది. ఎందుకుంచావని నేను అడగలేదు.

తువ్వాల కింద నేను ఎన్ని వేళ్లు పట్టుకున్నానని నాయన కూడా చివరిదాకా అడగలేదు. గంజ్‌వాడు అడగకూడదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ని. చెబితే బరువు దిగేది. ఆయనకు ఆ సంగతి తెలిసే అడగలేదేమోనని ఒక్కొక్కసారి అనిపిస్తుంది.

చిట్టీ పద్ధతి రెండేళ్లు నడిచి ఆగిపోయింది. రాష్ట్రం పేరు కర్ణాటక అయి, గంజ్‌లో మిఠాయిలు పంచిన రోజులకు దవాఖాన గదులు గోనెసంచుల గోదాము అయ్యాయి. చెరిగే అక్క కథ అప్పటికి గంజ్ అంతా ఎరుగుదురు. అప్పటినుంచి ఒక చిత్రం మొదలైంది. ఆ రోజు ఒక్క వేలు పట్టుకున్న చెయ్యి తనదేనని చెప్పుకున్నవాళ్లను నేను కనీసం ఆరుగురిని చూశాను. ఒకాయన కొడుకు పెళ్లిలో కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చెప్పాడు. పావలా ఫీజు పెట్టమన్న పిసినారి మాత్రం ఎన్నడూ చెప్పుకోలేదు. అందుకే ఆయనదేమోనని నాకు అనుమానం. అధ్యక్షుడు ఎవరికీ చెప్పకుండానే పోయాడు. ఆ ఆరుగురి మీద నాకు మొదట్లో మండిపోయేది. తరువాత పోయింది. వాళ్లు చెప్పి అబద్ధమాడారు. నేను ఒక మాటా చెప్పకుండానే ఆడాను.

ఆ అబద్ధం జరిగింది చెరిగే అక్క పోవడానికి రెండు రోజుల ముందు. వానలు మొదలయ్యాయి. గుడిసెలో కారే చోట చాట పెట్టి ఉంది. గింజలు చెరిగిన చాట, దాని మూతిలోంచి నీళ్లు నేల మీదికి జారుతున్నాయి. అమ్మ ఇచ్చిన పాలచెంబు దింపి నేను పక్కన కూర్చున్నాను. ఆమె చాలా చిక్కిపోయింది. మాట మాత్రం తేటగా ఉంది. లోపలికి వచ్చింది ఎవరని అత్త అడిగింది.

"మన చిన్నసేటు అత్తా" అంది ఆమె.

నేను ఏదో చెప్పబోయాను. ఏం చెప్పాలనుకున్నానో తెలుసు. చిద్రి దాకా దారంతా మనసులో అనుకుంటూ వచ్చిన మాటలు. ఆమె నా మొహం చూసి, తన గతికి నన్ను కూడా తప్పుపడుతుందేమోనని నేను బాధపడుతున్నాననుకుంది.

"రంది పెట్టుకోకు. గంజ్‌ల హమాలీలు అంత చెప్పిండ్రు నాకు. సేట్లంత రెండు వేళ్లు పట్టుకున్నరట. ఒక్క చెయ్యే ఒక్క వేలు పట్టుకున్నదట. అదెవరి చెయ్యో వాళ్లకు ఎరుక లేదు గని నాకెరుకే. గోనె మీద కూసుండబెట్టి పెంచిన చెయ్యి నాకెరుక లేదా."

కాదు అనాలి. ఒక్క మాట. అనలేదు. ఆమె దుప్పటి కిందినుంచి చెయ్యి చాపి, నేలకు ఆనించి ఉన్న నా చేతిని వెతుక్కుంది. నా చూపుడు వేలు ఒక్కటే పట్టుకుంది, గంజ్‌లో పట్టుకున్నట్టే. పట్టుకుని అత్తవైపు తల తిప్పి, "అత్తా, నీకు బువ్వ వీళ్ల ఇంటినించే వస్తది, బుగులు పడకు" అంది.

అత్తకు అన్నం మా ఇంటినుంచే వెళ్లింది, ఆమె బతికిన మూడేళ్లూ. ఎవరైనా అడిగితే ఆ ముసలామె, గంజ్‌లో ఒక్క వేలు పట్టుకున్నవాళ్లు పెడుతున్నారని చెప్పేదట. అన్నం తీసుకుపోయేది నేనే. చెంబు ఎక్కడుందో చేత్తో తడిమించి, గిన్నె ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా వచ్చేవాణ్ని.